మధ్యలో మనుషులు మారుతున్నారా? ముందుగా ఓనరుకు చెప్పండి

కుటుంబమంతా కలిసి సెలవులకు ఇల్లు అద్దెకు తీసుకునే అక్కలకు, అన్నలకు, పెద్దలకు. ఆ ఇళ్లను అద్దెకిచ్చే ఓనర్లకు. మధ్యలో నిలబడి బుకింగులు నడిపే కంపెనీలకు,

నమస్కారం.

మా కుటుంబంలో హాలిడే హోమ్ వెతకడం, బుక్ చేయడం, అందరి దగ్గరా డబ్బు పోగుచేయడం, ఓనరుతో మాట్లాడటం చాలా ఏళ్లుగా నా పనే. ఈ పనిలో పదే పదే ఎదురయ్యే ఒక విషయం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. వారం రోజులకు ఇల్లు తీసుకుంటాం. అందరికీ వారమంతా సెలవు దొరకదు. మూడో రోజు అన్నయ్య ఆఫీసు పని మీద వెళ్లిపోతాడు, అతని గదిలోకి చిన్నమ్మ కూతురు వస్తుంది. ఐదో రోజు బావగారి అమ్మానాన్నలు బయల్దేరతారు, ఆ గదిలోకి మేనత్త దిగుతుంది. ఇలా జరిగినప్పుడల్లా ఎవరో ఒకరు ఒక మాట అంటారు: "ఒకరు వెళ్లారు, ఒకరు వచ్చారు, లెక్క సమానమే కదా, ఓనరుకు చెప్పడం దేనికి?"

ఆ మాట తప్పు అని చెప్పడానికే ఈ ఉత్తరం. అన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. డబ్బు కట్టాం, ఎనిమిది మందికి తీసుకున్నాం, ఎనిమిది మందిమే ఉన్నాం, ఇంకేం కావాలి అన్నది వాళ్ల నిజాయితీ అయిన ఆలోచన. కానీ ఇల్లు ఇచ్చినాయన ఎనిమిది అనే అంకెకు ఇల్లివ్వలేదు. ఫలానా తేదీల్లో ఫలానా మనుషులు ఉంటారని నమ్మి ఇచ్చాడు. వారం ముగిసేసరికి ఆ ఇంట్లో పదకొండు మంది వేర్వేరు మనుషులు పడుకుని ఉంటే, ఏ ఒక్క రాత్రీ తొమ్మిదో మనిషి లేకపోయినా, ఆయనకు చెప్పిన మాట మారినట్టే.

ముందు చట్టం సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామందికి దీని గురించి తెలియదు. ప్రయాణికులకు బస ఇచ్చేవాళ్లు వచ్చినవాళ్ల వివరాలు రాసి పెట్టుకోవాలని, కొన్నిచోట్ల పోలీసులకు పంపాలని అనేక దేశాల్లో చట్టాలున్నాయి. ఇటలీలో అతిథి వచ్చిన 24 గంటల్లోగా ఓనరు అతని వివరాలను పోలీసుల పోర్టల్‌లో నమోదు చేయాలి. రోజుల లెక్కన అద్దెకిచ్చే ఇళ్లకూ ఇది వర్తిస్తుంది. స్పెయిన్‌లో 2024 డిసెంబరు 2 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం 14 ఏళ్లు దాటిన ప్రతి అతిథీ నమోదు పత్రం మీద సంతకం పెట్టాలి. బృందంలో మైనర్లు ఉంటే వాళ్లకు మిగతావాళ్లతో ఉన్న బంధుత్వం కూడా రాయాలి. జపాన్‌లో 2018 జూన్‌లో అమల్లోకి వచ్చిన ఇళ్ల బస చట్టం ప్రకారం అతిథుల జాబితాను మూడేళ్లు దాచాలి. బ్రిటన్‌లో 1972 నాటి ఉత్తర్వు ఇప్పటికీ ఉంది: డబ్బు తీసుకుని బస ఇచ్చేవాళ్లు 16 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి పేరు, జాతీయత రాసి ఏడాది పాటు ఉంచాలి. భారతదేశంలో విదేశీ పౌరులు బస చేస్తే 24 గంటల్లోగా ఆ సంగతి అధికారులకు తెలియజేయాల్సిన బాధ్యత ఇల్లిచ్చినవాళ్లదే.

ఈ నియమాలన్నీ మనిషిని బట్టి నడుస్తాయి, పడకల లెక్కను బట్టి కాదు. బుధవారం సాయంత్రం అన్నయ్య బదులు చిన్నమ్మ కూతురు వచ్చిందంటే అక్కడ ఒక కొత్త రాక జరిగినట్టు. ఆమె పాస్‌పోర్టు మరో దేశానిదైతే పని ఇంకా పెరుగుతుంది. మనం చెప్పకపోతే ఓనరు నమోదు చేయలేడు. నమోదు చేయకపోతే జరిమానా పడేది ఆయనకు. సెలవు మనది, శిక్ష ఆయనది. ఇది న్యాయం కాదు. చాలా ఇటాలియన్ నగరాల్లో పర్యాటక పన్ను కూడా తలకు, రాత్రికి ఇంత అని ఉంటుంది, పిల్లలకు చాలాచోట్ల మినహాయింపు ఉంటుంది. ఒక పిల్లాడు వెళ్లి ఒక పెద్దాయన వస్తే ఆ లెక్క మారిపోతుంది.

చట్టం లేని చోట సంగతేమిటి అంటారా? అక్కడా కారణాలు తక్కువేం కావు. ఇంట్లో అర్ధరాత్రి మంటలు రేగాయనుకోండి. కాపాడటానికి వచ్చినవాళ్లు మొదట అడిగే ప్రశ్న, లోపల ఎవరెవరున్నారు అని. ఓనరు దగ్గరున్న జాబితాలో వెళ్లిపోయిన వాళ్ల పేర్లు ఉండి, లోపల నిద్రపోతున్న వాళ్ల పేర్లు లేకపోతే? వెళ్లిపోయిన మనిషి కోసం పొగలో వెతుకుతారు. ఇది నేను భయపెట్టడానికి రాయడం లేదు. పేర్ల జాబితా అనేది కాగితాల తతంగం కాదని, దాని వెనక ప్రాణాల లెక్క ఉందని గుర్తు చేయడానికి రాస్తున్నాను. ఇంటి మీద బీమా ఉంటే, ఏదైనా ప్రమాదం జరిగినప్పుడు ఆ సమయంలో ఇంట్లో ఎవరున్నారు, ఏ హోదాలో ఉన్నారు అన్న ప్రశ్న కూడా వస్తుంది.

మెట్ల మీద పడిపోయిన మేనత్త ఆ ఇంటికి అతిథా, అనుకోకుండా వచ్చిన చుట్టమా? ముందే పేరు చెప్పి ఉంటే ఆ ప్రశ్నకు చోటే లేదు.

ఇంకో చిక్కు బుక్ చేసిన మనిషి విషయంలో ఉంది. మధ్యలో వెళ్లిపోయేది నేనే అయితే? ఇల్లు నా పేరున ఉంది, ఒప్పందం నాతో ఉంది, డిపాజిట్ నాది. నేను నాలుగో రోజు వెళ్లిపోయి మిగతావాళ్లను ఉండమంటే, ఓనరు ఎన్నడూ మాట్లాడని మనుషులు ఆ ఇంట్లో మిగులుతారు. సొంత ప్రయాణానికి ఇల్లు బుక్ చేస్తే బుక్ చేసినవాళ్లు ఆ బసలో ఉండాలన్నది ఎయిర్‌బీఎన్‌బీ లాంటి పెద్ద బుకింగ్ కంపెనీల నియమం కూడా. అందుకే నా సలహా ఇది: కుటుంబంలో ఎవరు మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఉంటారో వాళ్ల పేరునే బుక్ చేయండి. అందరికంటే ఓపికగా వెతికేది అక్కయ్యే కావచ్చు, కానీ ఆమె మధ్యలో వెళ్లేటట్టయితే బుకింగ్ తమ్ముడి పేరున ఉండటమే మంచిది. అలా వీలుకాకపోతే, "ఫలానా రోజు నుంచి ఇంటి బాధ్యత మా తమ్ముడిది, ఇది అతని నంబరు" అని ఓనరుకు రాతపూర్వకంగా పంపి, ఆయన సరేనన్నాకే వెళ్లండి.

ఇక ఎవరూ పట్టించుకోని ఒక చిన్న విషయం. వెళ్లేవాళ్లు సాయంత్రం రైలుకు వెళ్తారు, వచ్చేవాళ్లు పొద్దున్నే దిగుతారు. మధ్యలో ఏడెనిమిది గంటలు ఇంట్లో పరిమితికి మించి మనుషులుంటారు. రాత్రి పడుకోలేదు కదా అని మనం అనుకుంటాం. కానీ కొన్ని ఇళ్లలో పరిమితి పడుకునేవాళ్లకు మాత్రమే కాదు, పగలు వచ్చిపోయేవాళ్లకు కూడా ఉంటుంది. ఊరి మురుగు లైను లేని ఇళ్లలో సెప్టిక్ ట్యాంకును పడకగదుల సంఖ్యను బట్టి కడతారు. అమెరికా పల్లెప్రాంతాల్లో చాలా ఇళ్లది ఇదే పద్ధతి. పదహారు మంది ఒకే పగలు స్నానాలు చేసి, బట్టలు ఉతుక్కుంటే ఆ ట్యాంకు తట్టుకోలేకపోవచ్చు. పార్కింగు సంగతీ అంతే, రెండు కార్లకు చోటుంటే మూడో కారు పక్కింటి గేటుకు అడ్డంగా ఆగుతుంది. పక్కింటివాళ్ల ఓర్పు మీదే ఇలాంటి ఇళ్లు నడుస్తాయి. ఎయిర్‌బీఎన్‌బీ 2020లో అద్దె ఇళ్లలో విందు పార్టీలను తాత్కాలికంగా నిషేధించి, 2022లో ఆ నిషేధాన్ని శాశ్వతం చేసింది. అప్పటి నుంచి ఇంటి ముందు కొత్త కార్లు, కొత్త ముఖాలు కనపడగానే ఓనర్ల గుండె దడదడలాడటం నేను చూస్తూనే ఉన్నాను. మన ఇంటి మేనత్త రాకను ఎవరో పార్టీ అనుకునే పరిస్థితి రాకుండా ఉండాలంటే ఒక్క ముందుమాట చాలు. అందుకే వచ్చే, పోయే వేళల్ని కూడా ఓనరుకు చెప్పండి. రెండు గుంపులూ కొన్ని గంటలు కలిసే ఉంటాయని తెలిస్తే ఆయనే సర్దుబాటు చెబుతాడు.

ఇంతవరకూ రాసింది ఓనరు వైపు సంగతి. నన్ను అంతకంటే ఎక్కువగా బాధపెట్టేది ఇంట్లోవాళ్ల మధ్య జరిగేది.

ఒకరు మధ్యలో వెళ్లిపోవాల్సి వస్తే, తన చోటును ఎవరికివ్వాలో తానే నిర్ణయించుకుంటాడు. "నా వాటా నేను కట్టాను, నా బదులు నా స్నేహితుడొస్తాడు." వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ కుటుంబమంతా కలిసి ఇల్లు తీసుకున్నప్పుడు ఎవరి పడక వాళ్ల సొంతం కాదు. సినిమా టికెట్టు అయితే ఇంకొకరికి ఇచ్చేయొచ్చు, పక్క సీట్లో ఎవరు కూర్చున్నా రెండున్నర గంటల్లో ఆట అయిపోతుంది. ఇక్కడ కొత్తగా వచ్చే మనిషితో ఒకే బాత్రూమ్ పంచుకోవాలి, పొద్దున నిద్రలేచిన ముఖంతో ఎదురుపడాలి, పిల్లలను ఆ ఇంట్లోనే నిద్రపుచ్చాలి. ఆ మార్పు భరించాల్సినవాళ్లు ఉండిపోయినవాళ్లు. కాబట్టి మాట వాళ్లది కావాలి.

అందరూ ఒప్పుకోవాలి అంటే ఓట్లు వేయమని కాదు. ముందుగా అడగాల్సినవాళ్లు కొందరుంటారు. ఆ గది పంచుకునేవాళ్లు మొదట. వదినగారి పక్క మంచంలోకి తెలియని మనిషి వస్తున్నారంటే వదినగారిని ఏకాంతంగా అడగాలి, అందరి ముందు కాదు. అందరి ముందు అడిగితే ఎవరూ కాదనరు, మొహమాటానికి సరేనంటారు, ఆ తర్వాత మూడు రాత్రులు సరిగ్గా నిద్రపోరు. చిన్నపిల్లల తల్లిదండ్రులను అడగాలి. ఆరోగ్యం బాగాలేని పెద్దవాళ్లను అడగాలి, ఎందుకంటే వచ్చే మనిషికి జలుబో జ్వరమో ఉంటే దెబ్బ తినేది వాళ్లే. యుక్తవయసు ఆడపిల్లలను ప్రత్యేకంగా అడగండి. వాళ్లను ఎవరూ అడగరు. ఏ గదిలోకి సర్దేసినా సర్దుకుంటారని అనుకుంటాం. హాల్లో సోఫా మీదకు జరిగిపోయేది ఎప్పుడూ వాళ్లే. ఈ అలవాటు మానుకోవాలి.

కుటుంబంలో పాత మనస్పర్థలు కూడా ఉంటాయి. ఇద్దరు అన్నదమ్ములకు మాటల్లేవు, అందుకని ఒకాయన మొదటి సగం, రెండో ఆయన రెండో సగం వస్తామంటారు. ఇది మంచి ఏర్పాటే. నిజానికి మధ్యలో మనుషులు మారడం వల్ల కలిగే గొప్ప మేలు ఇదే. అందరినీ ఒకేసారి ఒక చోట కుదించలేని కుటుంబం, విడతలుగా అయినా ఆ ఇంట్లో కలుస్తుంది. అమ్మమ్మ ఇద్దరు కొడుకులనూ ఒకే వారంలో చూస్తుంది. కాబట్టి నేను మార్పిడికి వ్యతిరేకం కాదు. చెప్పకుండా చేసే మార్పిడికి వ్యతిరేకం.

అడిగే పని ఎవరు చేయాలి? వెళ్లిపోయే మనిషి. తన బదులు వచ్చేది తమ్ముడైనా, స్నేహితుడైనా, ఆ మాట తన నోటితోనే చెప్పాలి, బుక్ చేసినవాళ్ల మీద వదిలేయకూడదు. ఒకసారి మా బంధువుల్లో ఒకరు తమ చోటుకు వేరొకరు వస్తున్న సంగతిని బయల్దేరే ముందు గుమ్మం దగ్గర చెప్పారు. వచ్చేవాళ్లు అప్పటికే సగం దారిలో ఉన్నారు. కాదనడానికి ఎవరికీ వీల్లేదు. వచ్చినవాళ్లు చాలా మంచివాళ్లు, ఎవరికీ ఇబ్బంది కలిగించలేదు. అయినా ఆ మిగిలిన రోజులు అందరి ముఖాల్లో ఒక బిగువు ఉండిపోయింది. అడిగి ఉంటే సరేననేవాళ్లం. ఆ సరేననే అవకాశం మాకు లేకుండా పోయింది.

డబ్బు మాట కూడా తెరిచి చెప్పుకుందాం. ఇక్కడ మొహమాటం ఎక్కువ, గొడవలూ ఎక్కువే. నాకు తెలిసి అందరికీ సబబుగా తోచే లెక్క ఒక్కటే: మనిషి-రాత్రుల లెక్క. ఎనిమిది మంది, ఏడు రాత్రులు అంటే మొత్తం 56. అద్దెను 56తో భాగించండి. మూడు రాత్రులున్నవాళ్లు మూడు భాగాలు, వాళ్ల బదులు వచ్చి నాలుగు రాత్రులున్నవాళ్లు నాలుగు భాగాలు కడతారు. ఎవరి మీదా అదనపు భారం పడదు. వచ్చేవాళ్లు ఒక రోజు ఆలస్యంగా వస్తే, మధ్యలో ఖాళీగా పోయిన రాత్రి వెళ్లిపోయినవాళ్ల ఖాతాలోనే ఉండాలి, ఎందుకంటే ఆ రాత్రికి మాట ఇచ్చింది వాళ్లు. ఉండిపోయిన ఆరేడుగురి మీద దాన్ని పంచకూడదు.

శుభ్రం చేసే ఖర్చు మాత్రం రాత్రుల మీద ఆధారపడదు. ఒక రాత్రి ఉన్నా ఏడు రాత్రులున్నా ఇల్లు ఒకసారే కడుగుతారు. దాన్ని పడకల లెక్కన పంచి, ఒక పడకను ఇద్దరు మార్చుకుంటే ఆ వాటాను వాళ్లిద్దరూ చెరిసగం కట్టాలి. మార్పిడి వల్ల ఓనరు అదనంగా పక్కబట్టలు ఇచ్చి వాటికి డబ్బు అడిగితే అది మారినవాళ్ల ఖర్చు, అందరిదీ కాదు. చేతిలో డబ్బులు తక్కువగా ఉన్న చుట్టాలు మధ్యలో వస్తుంటే వాళ్ల భాగాన్ని ఎవరో ఒకరు కట్టొచ్చు, కట్టాలి కూడా. కానీ ఆ సంగతి కట్టేవాళ్లకూ లెక్క చూసేవాళ్లకూ మధ్యే ఉండాలి. వచ్చిన చుట్టాన్ని అందరి ముందు ఉచితంగా వచ్చినవాళ్లుగా నిలబెట్టడం కంటే వాళ్లను పిలవకపోవడమే నయం.

డిపాజిట్ సంగతి ఇంకొంచెం సున్నితం. ఏదైనా పగిలితే ఎవరు ఉన్నప్పుడు పగిలింది? మొదటి విడతవాళ్లు వెళ్లిపోయారు, రెండో విడతవాళ్లు మేం వచ్చేసరికే అలా ఉంది అంటారు. ఎయిర్‌బీఎన్‌బీ పద్ధతిలో అయితే చెక్ అవుట్ తర్వాత 14 రోజుల దాకా ఓనరు నష్టపరిహారం అడగొచ్చు. అప్పటికి ఎవరి జ్ఞాపకం వాళ్లది. వెళ్లేముందు తాము వాడిన గదిని, బాత్రూమ్‌ను ఫోనులో ఫొటోలు తీసి బుక్ చేసినవాళ్లకు పంపమనండి. ఇది అనుమానం కాదు. వెళ్లినవాళ్ల పేరు తర్వాత అనవసరంగా నలగకుండా కాపాడే పని. ఏదైనా పగిలి ఉంటే అప్పటికప్పుడు ఓనరుకు చెప్పేయండి. పగిలిన రోజునే చెప్పిన నష్టానికి ఓనర్లు చూపే మంచితనం, చివరి రోజున తామే కనిపెట్టిన నష్టానికి చూపరు.

గది అప్పగించే తీరు గురించి నాలుగు మాటలు. వెళ్లేవాళ్లు తాము పడుకున్న పక్కబట్టలు తీసి, మడిచి, ఉతికే చోట వేయాలి. వాషింగ్ మెషీన్ ఉంటే, సమయం ఉంటే, ఉతకాలి. అదనపు దుప్పట్లు ఇంట్లో ఉన్నాయో లేదో ముందురోజే చూసుకోవాలి, లేకపోతే ఓనరును అడగాలి, లేదా వచ్చేవాళ్లను తెచ్చుకోమనాలి. వేరొకరు పడుకుని లేచిన దుప్పటి మీద ప్రయాణం చేసి వచ్చిన మనిషిని పడుకోమనడం అమర్యాద. బాత్రూమ్ చెత్తబుట్ట ఖాళీ చేయాలి, తమ తువ్వాళ్లు తీసేయాలి. వచ్చేవాళ్లకు ఇంటి నియమాలు చెప్పే పని కూడా వెళ్లేవాళ్లదే: రాత్రి ఎన్నింటి తర్వాత చప్పుడు చేయకూడదు, ఏ తలుపు గడియ సరిగా పడదు, గ్యాస్ ఎక్కడ కట్టేయాలి, పిల్లలను ఏ మెట్ల వైపు పోనివ్వకూడదు. మొదటి రోజు ఓనరో కేర్‌టేకరో వచ్చి ఇల్లంతా తిప్పి చూపించి ఉంటారు. మధ్యలో వచ్చినవాళ్లకు అది ఎవరూ చేయరు. ఈత కొలను ఉన్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం. మూడో రోజు వచ్చిన నాలుగేళ్ల పిల్లకు కొలను గేటు గురించి ఎవరూ చెప్పి ఉండరు, ఆ పిల్ల తల్లికీ చెప్పి ఉండరు.

తాళాల విషయంలో ఒక్క మాట. తలుపుకు నంబరు తాళం ఉంటే ఆ నంబరును కుటుంబ గ్రూపులో పెట్టి ఊరుకోవద్దు. గ్రూపులో ఉన్న అందరూ ఆ ఇంటికి వచ్చేవాళ్లు కారు. ఓనరును అడిగి మార్పిడి రోజున కొత్త నంబరు పెట్టించుకోవడం మంచిది. తాళంచెవి అయితే చేతి నుంచి చేతికే మారాలి, పూలకుండీ కింద పెట్టి వెళ్లకూడదు.

చంటిపిల్లల లెక్క విడిగా చెప్పాలి. కొన్ని కంపెనీలు రెండేళ్లలోపు పిల్లలను అతిథుల లెక్కలో చేర్చవు, ఎయిర్‌బీఎన్‌బీ వాటిలో ఒకటి. అందుకని చెప్పాల్సిన పని లేదనుకుంటారు. లెక్కలో లేకపోయినా చెప్పండి. ఊయల మంచం కావాలా, మెట్లకు గేటు ఉందా అన్నది ఓనరు చూసుకుంటాడు. పెంపుడు జంతువుల విషయంలో అయితే ఇంకా కచ్చితంగా ఉండాలి. వెళ్లిన చెల్లెలికి కుక్క లేదు, వచ్చిన పెద్దమ్మకు ఉంది. మనుషుల లెక్క సమానమే, కానీ ఆ ఇంటి తర్వాతి అతిథికి కుక్క బొచ్చు పడకపోవచ్చు.

ఓనరు కాదంటే? కాదనే హక్కు ఆయనకుంది. బీమా షరతు కావచ్చు, స్థానిక అనుమతి కావచ్చు, ఇంతకుముందు చేదు అనుభవం కావచ్చు. బుక్ చేయడానికి ముందే అడిగితే ఇంకో ఇల్లు చూసుకునే వీలుంటుంది. బుక్ చేశాక అడిగితే ఆయన మాటకు కట్టుబడాలి. మధ్యలో వచ్చేవాళ్లకు పక్కనే వేరే గది చూసి, పగలు అనుమతి ఉన్నంతసేపు కలిసి ఉండొచ్చు. ఆయన కాదన్నాక కూడా చాటుగా తీసుకురావడం మాత్రం ఏ కారణంతోనూ చేయకండి. దొంగచాటుగా ఉన్న మేనత్త ఆ సెలవును ఎలా ఆనందిస్తుంది? కేర్‌టేకరు వచ్చినప్పుడల్లా ఆమెను లోపలి గదిలో కూర్చోబెట్టడం ఆమెకు ఎంత చిన్నతనం!

ఓనర్లకు నా విన్నపం. మీ ప్రకటనలో "ఎనిమిది మందికి" అని రాస్తారు. ఒకేసారి ఎనిమిది మందా, వారం మొత్తానికి ఎనిమిది మందా, పగటి చుట్టాలతో కలిపా, కాకనా? ఒక్క వాక్యం రాస్తే సగం గొడవలుండవు. మార్పిడికి ఒప్పుకునేటట్టయితే ఎన్ని రోజుల ముందు చెప్పాలో, అదనపు పక్కబట్టలకు ఎంతో ముందే రాయండి. నిజాయితీగా అడిగిన కుటుంబాన్ని అనుమానంగా చూడకండి, అడిగినందుకే అద్దె పెంచకండి. అడిగినవాళ్లకు డబ్బు వడ్డించి, అడగనివాళ్లను చూసీచూడనట్టు వదిలేస్తే, వచ్చేసారి ఎవరూ అడగరు. గుమ్మం బయట కెమెరా ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి, ఇంటి లోపల మాత్రం వద్దు. ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపలి కెమెరాలను పూర్తిగా నిషేధించింది, అది సరైన పని. కెమెరాలో తలలు లెక్కపెట్టి నిలదీయడం కంటే, మొదటి రోజే "మధ్యలో ఎవరైనా మారతారా?" అని ప్రేమగా అడగడం వల్ల మీకు ఎక్కువ తెలుస్తుంది.

బుకింగ్ కంపెనీలకు చెప్పేది చిన్న మాటే. తేదీలు, తలల సంఖ్య అడిగితే చాలదు. ఏ రాత్రి ఎవరుంటారో రాయడానికి బుకింగులోనే ఒక చోటివ్వండి, అది నిండగానే ఓనరుకు చేరేలా, ఆయన సరేననో కాదనో అక్కడే చెప్పేలా చూడండి. కుటుంబాలు విడతలుగా వచ్చి పోవడం తప్పించుకోవడానికి చేసే ఎత్తు కాదు. సెలవులు దొరికే తీరే అంత.

చివరగా, ఏం రాయాలో తెలియక ఆగిపోయేవాళ్ల కోసం నేను ఓనర్లకు పంపే సందేశాన్ని ఇక్కడ పెడుతున్నాను. మీ పేర్లు, తేదీలు మార్చుకుని వాడుకోండి.

"నమస్కారం అండీ. మీ ఇంటిని ఫలానా తేదీ నుంచి ఏడు రాత్రులకు తీసుకోవాలనుకుంటున్నాం. ఏ రాత్రీ ఎనిమిది మందికి మించి ఉండం. కానీ నాలుగో రోజున ఇద్దరు వెళ్తారు, వాళ్ల బదులు ఇద్దరు వస్తారు. నలుగురి పేర్లు, వయసులు కింద రాశాను. వచ్చేవాళ్లు మధ్యాహ్నం దిగుతారు, వెళ్లేవాళ్లు సాయంత్రం బయల్దేరతారు, కాబట్టి ఆ రోజు నాలుగు గంటలపాటు పది మందిమి ఉంటాం. దానికి మీకు అభ్యంతరమైతే వచ్చేవాళ్లను సాయంత్రానికే రమ్మంటాం. గుర్తింపు కార్డులు ఏ రోజు, ఎలా పంపాలో చెప్పండి. పక్కబట్టలు రెండో జత కావాలి, దానికి ఎంతో చెప్పండి. మా తమ్ముడు మొదటి నుంచి చివరి దాకా ఉంటాడు, ఇంటి బాధ్యత అతనిది. మీరు సరేనన్నాకే డబ్బు కడతాం."

ఇలా రాసినప్పుడు నాకు సరేనన్న ఓనర్లే ఎక్కువ. కాదన్నవాళ్లు కూడా కారణం చెప్పి, తెలిసిన వేరే ఇల్లు చూపించారు.

ఇట్లు,
ఇంటిల్లిపాది సెలవులకు ఇల్లు బుక్ చేసే ఒక ఆడపడుచు